ఒక్కరికే తెరుచుకునే తెర

వంటింటి కిటికీ పక్క నుంచి

అమ్మాయీ,

మీ అత్త రాస్తున్నది. అక్షరాలు వంకరగా ఉంటే నవ్వుకో, చదవడం మాత్రం మానకు. నిన్న నువ్వు ఫోను చేస్తే మీ ఆయన పావుగంట మాట్లాడాడు. ఏమందిరా అంటే "బాగానే ఉందట" అన్నాడు. పావుగంటకి రెండే ముక్కలు! మిగతాదంతా వాడే మింగేశాడు. పోనీ అని నేను చెవికి పెట్టుకుంటే డబ్బాలో తుమ్మెద తిరిగినట్టుంది తప్ప ఒక్క మాటా తెలీలేదు. అందుకే ఈ ఉత్తరం. కాగితానికి చెవులక్కర్లేదు.

అసలేం పనమ్మా అది? ఇంట్లో మధ్యగదిలో కూచునే అన్నీ చక్కబెట్టేదానివి కదా. నాలుగు రోజుల్లో వస్తానని సంచీ సర్దుకుని వెళ్ళావు, నాలుగు వారాలయ్యేలా ఉంది. నాకు ఒకచోట కాలు నిలవట్లేదు. పొయ్యి మీద పాలు పెట్టి వీధి గుమ్మంలోకి వెళ్తున్నాను, గుమ్మంలో నిలబడి పాలు గుర్తొచ్చి పరుగెత్తుకొస్తున్నాను. రెండుసార్లు పొంగిపోయాయి.

నువ్వుండే గదికి లోపలి గడియ ఉందా? ఉంటే పెట్టుకోకు. కళ్ళు తిరిగి పడిపోతే బయటివాళ్ళు ఎలా తీస్తారు? మనింట్లో లోపలి గడియలన్నీ నేను పీకించేసింది అందుకే గదా. వెంటనే జవాబు రాయి.

మీ అత్త


గిడ్డంగి వెనక మేడ మీది గది

అత్తయ్యకి,

నమస్కారం. నేను బాగున్నాను. మీ అబ్బాయి, మా ఆయన అని పోట్లాడుకోకుండా ఆయన్ని ఇద్దరం కలిసి తిట్టుకుందాం, నేను అంతసేపు చెప్పింది రెండు ముక్కలు చేశాడంటే!

నా పని మీకు అర్థమయ్యేలా చెబుతాను. ఇక్కడ చల్లగా ఉంచాల్సిన మందుల గిడ్డంగి ఉంది. ఏ గదిలో ఎంత చలి ఉందో, ఏ మందు ఎటు వెళ్ళిందో చూసుకునేవి కంప్యూటర్లే. ఈమధ్య ఒక పెద్ద సర్వర్ తెచ్చి, చిన్న మెషిన్లన్నిటినీ దాని లోపలికి చేర్చారు. అవి విడిగా ఉండవు అత్తయ్యా, ఉన్నట్టే పనిచేస్తాయి. ఒక పెద్ద ఇంట్లో గోడలు కట్టి బోలెడు వాటాలు చేసినట్టు. వర్చువల్ మెషిన్లు అంటాం. వాటికి ఒళ్ళు లేదు కాబట్టి సొంత తెర కూడా లేదు. ఏదైనా మొరాయిస్తే దాని తెరని దూరం నుంచి మా కంప్యూటర్లో తెరిచి చూడాలి. దాన్ని కన్సోల్ అంటారు.

ఇప్పుడు ఆ కన్సోలే తెరుచుకోవట్లేదు. నొక్కితే నల్లటి కిటికీ వస్తుంది, ఓ చక్రం గిర్రున తిరుగుతుంది, మూసుకుపోతుంది. మెషిన్ బతికే ఉంది. పలకరిస్తే పలుకుతోంది. లోపలికి మాత్రం చూడనివ్వదు. నేను ఇంటి నుంచి పని చేసేది ఆ కన్సోల్ పట్టుకునే. అదే పోయాక మనిషే రావాలి, అందుకే వచ్చాను.

గదికి గడియ ఉంది. పెట్టుకుంటున్నాను. ఏం కాదు, భయపడకండి.

మీ కోడలు


వంటింటి కిటికీ పక్క నుంచి

అమ్మాయీ,

భయపడకు అని రాసి ఆ పైనే ఒళ్ళు లేనివి అని రాస్తావా? ఒళ్ళు లేకుండా పలకరిస్తే పలుకుతాయట! ఏమిటే తల్లీ నీ ఉద్యోగం! మీ ఆయన్ని అడిగితే పొట్ట పట్టుకుని నవ్వాడు. "దయ్యాలు కావమ్మా, లెక్కలు చేసేవి" అన్నాడు. లెక్కలు చేస్తే మాత్రం దయ్యం కాకుండా పోతుందా?

నాకు తోచింది చెబుతాను. ఓసారి ఆపేసి మళ్ళీ పెట్టి చూడు. పొడి గుడ్డతో తుడువు, తడి గుడ్డ వద్దు. ఆ గోడలు కట్టి వాటాలు చేసినవాణ్ణి పట్టుకుని అడుగు, ఇల్లు కట్టినవాడికి తెలీకుండా ఉంటుందా.

పలుకుతోంది గానీ చూడనివ్వదన్నావు, ఆ మాట నాకు బాగా అర్థమైంది. నాకైతే పలికినా వినపడదు కాబట్టి చూసి తీరాలి. మధ్యగదిలో నువ్వు పనిలో ఉన్నప్పుడు తలుపు కొడతానా, నువ్వు లోపల్నించి ఏదో అంటావు, నాకు వినపడదు, పలకలేదనుకుని గుండె గుభేలుమని తోసుకుని వచ్చేస్తాను. తిన్నావా, ఫ్యాను ఎక్కువైందా, నడుం నొప్పా, అంతే కదా. ఒక్క క్షణం చూసి వెళ్ళిపోతాను. చూస్తే ఏం పోతుంది?

ఇంకోటి. మీ పై ఆఫీసరు ఎవరో చెప్పు. ఆయనకో సెలవు చీటీ రాస్తాను. మీ ఆయనకి చిన్నప్పుడు జ్వరమొస్తే బడికి రాసేదాన్ని, ఏనాడూ కాదనలేదు. "మా కోడలికి ఇంటి దగ్గర అవసరం ఉన్నందున పంపించగలరు" అని రాస్తే కాదంటాడా?

మీ అత్త


గిడ్డంగి వెనక మేడ మీది గది

అత్తయ్యా,

సెలవు చీటీ పంపొద్దు. మీకు దండం పెడతాను, పంపొద్దు! ఇక్కడి మేనేజర్ అసలే కంగారు మనిషి. మనుషుల్ని పలకరించినట్టు "మెషిన్లన్నీ ఊపిరి పీలుస్తున్నాయా?" అని అడుగుతూ తిరుగుతాడు. మేమంతా వెనకాల ఆయన్ని ఊపిరిగారు అంటాం. మీ చీటీ చూస్తే ఆయన ఊపిరే ఆగుతుంది.

పని కొంచెం కదిలింది. ఒక తప్పు దొరికింది. సర్వర్ చోటు మారింది గానీ పేర్ల పట్టీలో పాత చిరునామాలే ఉన్నాయి. మేం వెళ్ళి ఖాళీ ఇంటి తలుపు కొడుతున్నాం అన్నమాట. సరిచేశాను. ఇంకా తెరుచుకోలేదు. తర్వాత చూస్తే, బయటివాళ్ళు చొరబడకుండా కట్టిన గోడలో, మా కన్సోల్ వెళ్ళే దారి కూడా మూసేశారు. తెరిపించాను. అయినా అదే నల్ల కిటికీ, అదే చక్రం. అందరూ నా వెనక నిలబడి చూస్తారు, ఎవరికీ ఏమీ తోచదు. ఒకాయన "ఈ మెషిన్ మీ అత్తగారిలా ఉందే, లోపలేముందో చెప్పదు" అన్నాడు. మా అత్తయ్య లోపలున్నదంతా చెప్పేస్తారండీ అన్నాను.

మందులు వేళకి వేసుకోండి.

మీ కోడలు


పెరటి గుమ్మం దగ్గర నుంచి

అమ్మాయీ,

నేనేమీ దాచుకోనన్నావు, మంచి మాట అన్నావు. నువ్వు మాత్రం దాస్తున్నావేమోనని నాకు అనుమానం. సెలవు చీటీ అంటే అంత ఉలిక్కిపడ్డావేం? రావాలని ఉన్నవాళ్ళు, సరే పంపండి, సెలవు దొరికితే దొరుకుతుంది అంటారు గాని దండాలు పెడతారా?

కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతున్నాను. నిన్న మీ ఆయన్ని పట్టుకున్నాను. "ఏరా, దాన్ని నువ్వేమన్నా అన్నావా?" "నేనేమీ అనలేదమ్మా." "అనకపోతే ఎందుకు రాదు?" వాడు నా వంక చూశాడు, ఏదో అనబోయాడు, నీళ్ళు నమిలి "టీ తాగుతావా?" అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక వాడు టీ పెట్టడం ఇదే. చక్కెర వెయ్యలేదు. అంటే మనసులో ఏదో ఉంది.

అలవాటు పోవట్లేదు. మధ్యగది దాటి వెళ్ళేటప్పుడల్లా తలుపు తీసి చూస్తున్నాను. కుర్చీ ఉంటుంది, నువ్వుండవు. తలుపు వేసి నాలుగడుగులు వేసి మళ్ళీ తీస్తాను. ఈలోగా వచ్చేస్తావా ఏమిటి? నా పిచ్చి గాని.

తెర సంగతి ఏమైంది? తొందరగా తెమిల్చి రా.

మీ అత్త


గిడ్డంగి వెనక మేడ మీది గది

అత్తయ్యా,

ఆయన నన్ను ఏమీ అనలేదు, ఊరికే సతాయించకండి. మొదటిసారి టీ పెట్టేవాళ్ళు చక్కెర మర్చిపోవడం మామూలే.

కన్సోల్ ఇంకా పూర్తిగా దారికి రాలేదు, ఇంకొన్నాళ్ళు పట్టేలా ఉంది. ఇక్కడ నాకేం లోటు లేదు. గది చిన్నది, ఒక మంచం, ఒక బల్ల, ఒక కిటికీ. కిటికీ లోంచి లారీలు వెనక్కి వెళ్ళడం కనిపిస్తుంది.

ఇవాళ ఓ మెషిన్ని ఆపి మళ్ళీ లేపాం. అది నిద్రలేవడం మీరు చూడాలి. నల్లటి తెర మీద తెల్లటి వరసలు ఒకదాని కింద ఒకటి పడతాయి. ఒకచోట ఆగిపోయింది. ఇక లేవదనుకున్నాను. ఆలోచించుకున్నట్టు కాసేపు ఉండి మళ్ళీ కదిలింది. చివరికి నువ్వెవరు అని పేరడిగింది. బల్ల మీద గడ్డం ఆనించుకుని అలా చూస్తూనే ఉన్నాను. ఎవరూ పిలవలేదు. టీ చల్లారిపోయింది, చల్లారిందే తాగాను. బాగుంది.

మీ కోడలు


వీధి అరుగు మీద నుంచి

అమ్మాయీ,

నీ ఉత్తరం నేను గబగబా చదవలేను. కూడబలుక్కుంటూ, వేలు పెట్టుకుని, ఒక్కో మాట దగ్గర ఆగి చదువుతాను. ఆగినచోటల్లా ఏదో ఒకటి తోస్తుంది. పైన ఏమో కన్సోల్ దారికి రాలేదన్నావు. కింద ఏమో మెషిన్ నిద్రలేవడం చూశానన్నావు. దానికి సొంత తెర లేదని, దాన్ని చూడాలంటే ఆ కన్సోలే దిక్కని మొదటి ఉత్తరంలో నువ్వే రాశావు. మరి ఎందులోంచి చూశావే?

తెరుచుకుంది కదూ? ఎప్పుడో తెరుచుకుంది. పని అయిపోయింది. నువ్వు రాకుండా ఉన్నావు.

ఉత్తరం వచ్చిన దగ్గర్నుంచి అరుగు మీద కూచోవడం, లేవడం. పక్కింటావిడ "ఏం పోగొట్టుకున్నారు, వెతుకుతున్నారు?" అంది. ఏం చెప్పను? మీ ఆయన మీద కోపమైతే చెప్పు, చెవి మెలిపెడతాను, ఎంత పెద్దవాడైతే నాకేం. ఇంకేదైనా అయితే అదే చెప్పు. నన్ను బాధ పెట్టకూడదని అబద్ధం రాయకు. అబద్ధం రాసినా నాకు నిద్ర పట్టదు, నిజం రాసినా పట్టదు. నిజమైతే కనీసం దేనికి పట్టట్లేదో తెలుస్తుంది.

మీ అత్త


గిడ్డంగి వెనక మేడ మీది గది

అత్తయ్యా,

దొరికిపోయాను. అవును, కన్సోల్ ఎప్పుడో తెరుచుకుంది. ఎలా తెరుచుకుందో ముందు చెబుతాను, ఆ తర్వాతది చెప్పడానికి ధైర్యం కూడగట్టుకోవాలి.

పేర్లు సరిచేసి, దారి తెరిపించినా లాభం లేకపోయిందని రాశాను కదా. సర్వర్ తన పని తాను రాసుకునే చిట్టా ఒకటి ఉంటుంది. అది వరస తప్పకుండా చదివితే, మేం కన్సోల్ నొక్కినప్పుడల్లా "చూసేవాళ్ళ సంఖ్య నిండింది" అని ఉంది. ఒక మెషిన్ తెరని ఒకేసారి ఒక్కరే చూడాలని ఎవరో ఎప్పుడో కట్టుబాటు పెట్టారు. సరే, ఆ ఒక్కరు ఎవరు? మేమందరం బయటే ఉన్నాం. లోపల ఎవరున్నారు?

ఊపిరిగారు! ఆయన గదిలో గోడ మీద పెద్ద టీవీ ఉంది. ఆ గదిలోకి మేం వెళ్ళం, మాకు తెలీదు. సర్వర్ మార్చినప్పుడు మెషిన్లకి ఏమన్నా అవుతుందేమోనని ఆయన, అన్ని కన్సోళ్ళూ ఆ టీవీలో తెరిపించి పెట్టుకున్నాడు. పొద్దస్తమానం వాటినే చూస్తూ కూచుంటాడు. ముట్టుకోడు, ఏమీ చెయ్యడు, ఊరికే చూస్తాడు. దాంతో పని చెయ్యాల్సినవాళ్ళకి ఒక్కరికీ తెరుచుకోలేదు. మీరు చెప్పలేదేం సార్ అంటే పాపం తెల్లబోయాడు. "చూడ్డమే కదమ్మా, చూస్తే ఏం పోతుంది?" అన్నాడు.

ఆయన మీద ఎవరికీ కోపం రాలేదు. ఆయనకి వాటి మీద ప్రేమే. ఇప్పుడా టీవీలో తెరలు తీసేసి, ఒక్కో మెషిన్‌కి ఒక్కో ఆకుపచ్చ చుక్క పెట్టాం. చుక్క వెలుగుతుంటే బతికున్నట్టు. లోపలికి తొంగి చూడక్కర్లేదు. ఆయన స్థిమితపడ్డాడు.

ఇక నా సంగతి. నన్నెవరూ ఏమీ అనలేదు. ఈ గదికి తలుపు ఉంది అత్తయ్యా. వేసుకుంటే వేసినట్టే ఉంటుంది. అంతే. అంతకంటే నాకు చెప్పడం రాదు. ఈ పనిలో ఇక్కడే ఉండిపొమ్మని ఊపిరిగారు అడుగుతున్నాడు. నెలాఖరుకి ఏదో ఒకటి చెప్పాలి.

మీ కోడలు


వంటింటి కిటికీ పక్క నుంచి

అమ్మాయీ,

చదివాను. మళ్ళీ చదివాను. చూస్తే ఏం పోతుంది అన్నది మీ మేనేజరొక్కడే కాదు, అదే మాట నేనూ నీకు రాశాను. నువ్వు గుర్తుపెట్టుకునే రాశావో, మర్చిపోయి రాశావో నాకు తెలీదు. ఆ గోడ మీద టీవీ పెట్టుకున్నది నేనే కదూ?

మీ ఆయన్ని అడిగాను. ఈసారి నీళ్ళు నమలలేదు. "అమ్మా, తను మీటింగులో ఆఫీసు మొత్తంతో మాట్లాడుతుంటే నువ్వు తువ్వాలు పట్టుకుని వెళ్ళి తన తల తుడిచావు. కంప్యూటర్లో అవతల అందరూ చూశారు" అన్నాడు. తడిగా ఉందిరా, జలుబు చెయ్యదూ అన్నాను. "చేస్తే చేస్తుందమ్మా" అన్నాడు.

అందరూ చూస్తారని నాకేం తెలుసు? ఆ పెట్టెలో నువ్వొక్కదానివే కనిపించావు.

కోపమొచ్చింది నాకు. ఎందుకు దాచాలి. ఇంత చేస్తే గడియ ఉన్న గది బాగుందట అని గిన్నెలు కాస్త గట్టిగానే పెట్టాను. నాకు వినపడకపోయినా మీ ఆయన లోపల్నించి పరుగెత్తుకొచ్చాడు. తర్వాత కోపం పోయింది. పోయాక మిగిలింది ఇంకా బాలేదు.

ఇంతకంటే రాయలేను.

అత్త


గిడ్డంగి వెనక మేడ మీది గది

అత్తయ్యా,

మీరే అని రాయకూడదనుకున్నాను. మీరు కాదు అని రాస్తే అది ఇంకో అబద్ధం. అవును అత్తయ్యా.

ఆ తువ్వాలు రోజున ఆఫీసులో అందరూ నవ్వారు. నాకు ఏడుపొచ్చింది. సిగ్గుతోనే అనుకున్నాను. మా అమ్మ పోయాక నా తల ఎవరూ తుడవలేదు. అదీ నిజమే, తలుపు తోసుకున్న ప్రతిసారీ నా చేతిలో పని జారిపోయి ఒళ్ళు జల్లుమనడమూ నిజమే. రెండూ నిజమైతే ఏం చెయ్యాలో నాకు తెలీక ఇక్కడ కూచున్నాను. వస్తే మళ్ళీ అన్నీ మామూలే అవుతాయని భయం. రాకపోతే మీరు ఆ తలుపు తీసి ఖాళీ కుర్చీని చూస్తూ ఉంటారని ఇంకో భయం.

ఊపిరిగారికి ఇంకా ఏమీ చెప్పలేదు.

మీ కోడలు


మధ్యగది బయట నుంచి

అమ్మాయీ,

గడియ పెట్టించాను. లోపలి వైపున. పీకించింది ఎక్కడుందో వెతికితే దొరకలేదు, కొత్తదే తెప్పించాను. కళ్ళు తిరిగి పడితే ఎలా అని ఇప్పటికీ భయమే. భయం నాది, తలుపు నీది.

కాని తలుపు కొట్టి ఊరుకోవడం నాకు కుదరదమ్మా. నువ్వు పలికింది నాకు వినపడదు, వినపడకపోతే తోసేస్తాను, నన్ను నేను ఎరుగుదును. అందుకని మీ మేనేజరు చుక్క గుర్తొచ్చింది. కరెంటు పనివాణ్ణి పిలిపించి, లోపల నీ బల్ల పక్కన ఒక స్విచ్చి, బయట గుమ్మం పైన ఒక చిన్న బల్బు పెట్టించాను. నేను కొడతాను, నువ్వు నొక్కుతావు, వెలుగుతుంది. వెలిగితే బాగున్నావని. నేను వెళ్ళిపోతాను.

పనిచేస్తుందో లేదో చూద్దామని అతన్ని లోపలికి పంపి గడియ పెట్టుకోమన్నాను. కొట్టాను, వెలిగింది. నాకెంత సంతోషం! మళ్ళీ కొట్టాను, వెలిగింది. మళ్ళీ కొట్టాను. కాసేపటికి అతనే తలుపు తీసి, నాకు కూడా వినపడేట్టు అరిచాడు. "అమ్మా, బతికే ఉన్నాను, నన్నొదిలెయ్యండి!" మీ ఆయన గోడకి ఆనుకుని నవ్వాడు. "చూశావా, మొదటిరోజే మేనేజరు అయిపోయావు" అన్నాడు. నిజమే. నేర్చుకోవడానికి నాకు కొన్నాళ్ళు పడుతుంది. ముందే చెబుతున్నాను, తర్వాత అనుకోవద్దు.

నువ్వు అక్కడే ఉండిపోతానంటే అదీ నీ ఇష్టం. రమ్మని రాయట్లేదు. రాయకుండా ఉండటానికి ఎంత కష్టంగా ఉందో నా కలానికి తెలుసు.

వాళ్ళంతా వెళ్ళాక ఒక్కదాన్నే వచ్చి నిలబడ్డాను. కొట్టాను. బల్బు వెలగలేదు. ఎలా వెలుగుతుంది, లోపల నువ్వు లేవు కదా. చెయ్యి తలుపు దాకా వెళ్ళింది. తెరవలేదు. వంటింట్లోకి వచ్చి ఈ ఉత్తరం మిగతాది రాస్తున్నాను.

మీ అత్త


గిడ్డంగి వెనక మేడ మీది గది

అత్తయ్యా,

బల్బు ఏ రంగుదో రాయలేదు. రాయకండి. ఊపిరిగారికి ఉండనని చెప్పేశాను, సంచీ సర్దుతున్నాను, వచ్చి చూస్తాను.

తల తడిగా ఉన్నప్పుడు నేనే తలుపు తీస్తాను.

మీ కోడలు